మెట్టు మీద పేరు

నవంబర్ 2, ఆదివారం

ఈ డైరీ జనవరిలో మా అమ్మాయి ఖుష్నుమా పనిచేసే స్కూల్లో ఇచ్చారు. పది నెలలుగా ఖాళీగా పడి ఉంది. మొదటి పేజీలో చేతులు కట్టుకుని హరికిషన్ సారు ఫొటో. ఆ స్కూలు బ్రాంచీలన్నిటికీ, నాలుగు ఫంక్షన్ హాళ్ళకూ, మా లష్కర్ రోవర్స్ ఫుట్‌బాల్ టీముకూ ఆయనే యజమాని. ఆ మొహం మీద గరుకు కాగితం ముక్క అంటించి రాయడం మొదలుపెట్టాను. మా ఆవిడ బానోకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. కాబట్టి భయం లేదు.

ఇవాళ కూడా ఓడిపోయాం. మూడు సున్నా. వరసగా ఇది ఏడోది. మంచి గోల్‌కీపర్‌ను సారు సెప్టెంబర్‌లో అమ్మేశాడు. ఇప్పుడున్నవాడు బంతి వస్తుంటే కళ్ళు మూసుకుంటాడు.

మ్యాచ్ అయ్యాక బిక్షం ఆటో దిగి వచ్చి గ్రౌండు మెట్ల కింద నిలబడి చెప్పాడు. "గ్రౌండు కొలవనీకె మనుషులు వచ్చిన్రు. నేనే నా ఆటోల తీస్కొచ్చిన, ఎవరో ఏందో తెల్వక. ఈడ ఫంక్షన్ హాల్ కడ్తరట. టీమును శామీర్‌పేట్ అవతలికి పంపిస్తరట."

 నేను మెట్టు మీద రాసి ఉన్న కాంతమణి గారి పేరులో చెరిగిపోయిన 'ణి'కి ఆకుపచ్చ రంగు వేస్తూ కూర్చున్నాను. కుంచె అక్కడే ఆగిపోయింది.

నవంబర్ 4

హరికిషన్ సారు ఆఫీసు నుంచి కల్పలత మేడం ఫోన్ చేసింది. రేపు రామ్‌గోపాల్‌పేట్ రమ్మంది. సీతాఫల్‌మండి బ్రాంచి గోడ రాతల గురించే అయి ఉంటుంది. ఫ్లెక్సీలు వచ్చాక నా కుంచెకు మిగిలింది ఆ స్కూలు గోడలే.

నవంబర్ 5

గోడ రాతల గురించి కాదు.

టీ ఇచ్చింది. మంచి మనిషి, కుర్చీలో కూర్చోమంటుంది. "కలీమన్నా, ఖుష్నుమా మేడం ఆడపిల్లలకు ఫుట్‌బాల్ మస్తు నేర్పిస్తుందట. సారు సుత మెచ్చుకున్నరు. డిసెంబర్‌ల పర్మనెంట్ లెటర్లు ఇస్తున్నం." అని కాసేపు ఫోను చూసుకుని, "మీ మెట్ల మీద ఏం నడుస్తుంది?" అంది.

నేనేమీ చెప్పలేదు. ఏం నడుస్తుంది మేడం, ఓడిపోతే బాధ ఉంటుంది కదా అన్నాను. అంతే. నేనేమీ చెప్పలేదు.

ఆమె నంబరును 'టర్పెంటైన్ షాపు' అని సేవ్ చేసుకున్నాను. ఎందుకంటే ఊరికే.

నవంబర్ 9, ఆదివారం

మ్యాచ్ లేదు గాని అందరం మెట్ల మీద కలిశాం. ఇరవై ఏడు మంది. మూడు గంటలు కొట్లాట.

బిక్షం గేటుకు తాళం వేద్దామన్నాడు. సారు కారుకు అడ్డం పండుకుంటానన్నాడు. కొందరు, మ్యాచ్ నడుస్తుంటే అందరం గ్రౌండుకు వీపు పెట్టి నిలబడదాం అన్నారు. జెఫ్రీకి కోపం వచ్చింది. ఆయనకు డెబ్బై ఒకటి. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. అంతకుముందు ఇదే గ్రౌండులో మా గోల్‌కీపరు.

"ఫిఫ్టీ ఇయర్స్ అయింది మ్యాన్. ఆట దిక్కు నేను ఎన్నడు వీపు పెట్టలే. ఆడే పోరగాండ్లు ఏం పాపం చేసిన్రు? ఓనర్‌తోని నేను ఫేస్ టు ఫేస్ మాట్లాడ్త. తర్వాత మీ ఇష్టం."

"నువ్వు మాట్లాడితే ఇంటడా? ఛాయ్ తాపి పంపిస్తడు," అన్నాడు బిక్షం.

ఛాయ్ మాట వినగానే నాకు దగ్గు వచ్చింది.

చివరికి కాంతమణి గారు అందరినీ పంపించి, బిక్షంను, జెఫ్రీని, నన్ను మాత్రం ఉండమన్నారు. ఆమె టెలిఫోన్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు చేసిన మనిషి. గొంతు పెంచకుండా మాట వినిపించడం తెలుసు. "ఇరవై మూడు తారీఖు నాడు ఓనర్ ఎవరినో తీస్కొచ్చి గ్రౌండు చూపిస్తడట. కారు వెనక గేటు దగ్గర పెడ్తడు. ఇరవయ్యో నిమిషానికి మనం సప్పుడు లేకుండ లేసి, పోయి కారు చుట్టూ కూసుందాం. నినాదాలు వద్దు, ముట్టుకునేది వద్దు. మాట్లాడే దాంక లేవం. అరిస్తే కొట్లాట అంటరు. కూసుంటే ఏమంటరు? వెనక గేటు సంగతి మన నలుగురిలనే ఉండాలె. మిగిలినోళ్ళకు ఆ పూటనే చెప్దాం."

జెఫ్రీ ఒప్పుకోలేదు, కాదని కూడా అనలేదు. నేను సరేనన్నాను. మంచి పథకం. నిజంగానే మంచి పథకం అనిపించింది.

నవంబర్ 11, మంగళవారం

మళ్ళీ రామ్‌గోపాల్‌పేట్. మెట్ల మీద ఏదో జరగబోతోందని ఆమె ముందే విన్నదట. ఎప్పుడు అని అడిగింది. ఇరవై మూడున అన్నాను. ఇరవై మూడున మ్యాచ్ ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు. అందులో నేను కొత్తగా చెప్పిందేమీ లేదు.

స్వీటు డబ్బా ఇచ్చింది. బాదుషాలు. వద్దంటే బాగుండదని తీసుకున్నాను. బానో అడిగితే, రంగుల దుకాణం వాడు ఇచ్చాడని చెప్పాను.

నవంబర్ 13

రాత్రి భోజనాల దగ్గర ఖుష్నుమా స్కూలు కబుర్లు చెప్పింది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి పెనాల్టీ ఆపిందట. చెబుతూ చెబుతూ లేచి, వంటింటి గుమ్మంలో నిలబడి ఎలా దూకిందో చూపించింది. బానో నవ్వుతూ రొట్టె మాడ్చింది.

పదేళ్ళప్పుడు ఈ పిల్లకు గ్లౌజులు తొడిగింది జెఫ్రీయే. మా గల్లీలో నాలుగు నోళ్ళు నాలుగు విధాలుగా అంటే, "నీ బిడ్డను నేను చూస్కుంట మ్యాన్, నువ్వు బోర్డులు రాస్కో," అన్నాడు. ఏడేళ్ళు డ్యూటీ లేని ప్రతి సాయంత్రం ఆమెకు బంతులు కొట్టాడు.

ఈ నౌకరీ పోతే ఇంకో స్కూలు ఇరవై ఎనిమిదేళ్ళ అమ్మాయిని ఫుట్‌బాల్ టీచర్‌గా పెట్టుకుంటుందా? నేను ఆలోచించేది అదొక్కటే. తండ్రిని కదా.

నవంబర్ 16, ఆదివారం

ఒకటి ఒకటి. ఓడిపోలేదు గనక పండగ.

మ్యాచ్‌కు ముందు హరికిషన్ సారు కారులోంచి జెఫ్రీ దిగాడు. బిక్షం చూశాడు. నేనూ చూశాను. మాట్లాడతానని అందరి ముందే చెప్పాడు, మాట్లాడడానికే పోయాడు. సారు ఏమన్నాడు అని కాంతమణి గారు అడిగితే, "మోకాళ్ళు ఎట్లున్నయ్ అని అడిగిండు. గంతే," అన్నాడు.

బిక్షం ఉమ్మేసి అవతలికి పోయాడు.

నాకు ఎందుకో కొంచెం తేలిక అనిపించింది. ఎందుకో తెలియదు. ఈ వాక్యం కొట్టేయాలి.

నవంబర్ 19

టర్పెంటైన్ షాపు ఫోను. బానో పక్కనే ఉంది. "ఎవరు?" అంటే టర్పెంటైన్ అన్నాను. "టర్పెంటైన్‌కు గంత చెమట ఎందుకు?" అంది.

బయటికి వచ్చి మాట్లాడాను. నేనేమీ చెప్పలేదు. ఇరవై మూడున సారు కారు వెనక గేటు దగ్గరే పెడతారా మేడం అని అడిగానంతే. ముసలివాళ్ళు ఉంటారు, తోపులాటలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఎలాగని అడిగాను. జాగ్రత్త కోసం. అడగడం చెప్పడం కాదు.

"మంచి పని చేసిన్రు అన్నా," అంది ఆమె.

నవంబర్ 20

అడగడం చెప్పడం కాదు.

నవంబర్ 21, శుక్రవారం

నమాజు నుంచి వచ్చేసరికి ఆఫీసు మనిషి రేకు పలక తెచ్చి పెట్టి పోయాడు. దాని మీద రాయవలసిన మాటలు చీటీలో ఉన్నాయి. 'మరమ్మతులు జరుగుతున్నందున మెట్లపైకి ప్రవేశము లేదు.'

పసుపు మీద నలుపు. రెండు గంటల పని. నాకు సాయంత్రం దాకా పట్టింది. గీత వంకర పోతుంటే తుడిచి మళ్ళీ గీశాను. ముప్పై ఏళ్ళలో నా గీత వంకర పోలేదు. రంజాన్ ఉపవాసాల్లో, మూడో అంతస్తు నిచ్చెన మీద కూడా పోలేదు.

కాంతమణి గారికి ఫోన్ చేసి చెప్పేద్దామని నంబరు నొక్కాను. "చెప్పు కలీం భాయ్," అన్నారు. పేరుకు రంగు పూర్తిగా ఆరిందా అని అడిగాను.

నవంబర్ 23, ఆదివారం

 ఎలా ఉంటే అలా రాస్తాను.

మెట్లకు తాడు కట్టి, ముందు నా బోర్డు నిలబెట్టారు. వెనక గేటుకు తాళం. లోపల ఇద్దరు, బయట నలుగురు పోలీసులు. సారు కారు కనిపించనేలేదు. ఎటువైపు నుంచి వచ్చాడో, ఎప్పుడు గ్రౌండు చూపించి పోయాడో తెలియదు. మమ్మల్ని అవతలి వైపు ఎండలో నిలబెట్టారు.

బిక్షం బోర్డును తన్నాడు. తాడు తెంపి తన మెట్టు మీదికి పోయి, తన పేరు మీద కూర్చున్నాడు. "నా పేరున్నది ఈడ. ఎవడు లేపుతడో లేపుండ్రి," అన్నాడు. నలుగురు కలిసి లేపారు. చొక్కా చినిగింది. ఆటోతో సహా స్టేషన్‌కు తీసుకుపోయారు.

పోతూ పోతూ నా వైపు చూశాడు. కాదు, నా పక్కనున్న జెఫ్రీ వైపు చూశాడు. రెండుసార్లు ఆలోచించాను. జెఫ్రీ వైపే.

బోర్డు మీద రాత నాదేనని అందరికీ తెలుసు.  పని ఇస్తే చేశాడు, పొట్టకూడు అనుకున్నారు. కాంతమణి గారే నా భుజం తట్టి, "నీకెంత కష్టమైందో," అన్నారు.

నవంబర్ 24

పొద్దున్నే బిక్షం భార్య ఎల్లమ్మ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మంటే రాలేదు. "అన్నా, నీకు ఆ ఆఫీసోళ్ళు ఎరుక గద. జెర ఒక్క మాట చెప్పరాదు. రాత్రంత స్టేషన్ కాడ్నే కూసున్న. బీపీ గోలీ సుత ఇయ్యనియ్యలే."

ఆమె ఎదుటే ఫోను చేశాను. కల్పలత మేడం, "మీరు చెప్పినంక కాదంటమా అన్నా. చూస్త," అంది. సాయంత్రానికి వదిలేశారు. ఆటో మాత్రం ఇంకా అక్కడే ఉంది.

ఎల్లమ్మ మళ్ళీ వచ్చి నా రెండు చేతులూ కళ్ళకు అద్దుకుంది. బానో పొంగిపోయింది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను నేను.

నవంబర్ 26

కాంతమణి గారింట్లో కూర్చున్నాం. జెఫ్రీని పిలవలేదు.

వెనక గేటు సంగతి నలుగురికే తెలుసు. దెబ్బలు తిన్నది బిక్షం. పథకం వేసింది కాంతమణి గారు. బిక్షంను విడిపించింది నేను. లెక్క ఎటు తేలుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"మొదటి సంది వద్దన్నది ఎవరు? ఓనర్ కార్ల తిరిగింది ఎవరు?" అన్నాడు బిక్షం. పెదవి ఇంకా వాచి ఉంది. "మెట్టు మీద పేరు ఉండొద్దు."

 పదేళ్ళు ఒక్క మ్యాచ్ కూడా తప్పకుండా వస్తేనే మెట్టు మీద పేరు ఎక్కుతుంది. మనిషి పోయినా పేరు పోదు. ఆ చోట ఇంకెవరూ కూర్చోరు. సున్నం కొట్టింది ఇన్నేళ్ళలో ఒక్క పేరు మీదే. మన టీము ఎత్తులు ముందుగానే పోయి అవతలి టీముకు చెప్పినవాడు వాడు. తొంభై ఆరులో నాకు బోర్డులు రాయడం నేర్పిన ఉస్తాదు కొట్టాడు, పక్కన బకెట్టు పట్టుకుని నేను. ఆ రోజు వాడి మెట్టు దగ్గర ఉమ్మినవాళ్ళలో నేనూ ఉన్నాను.

"కలీం భాయ్, నువ్వేమంటవ్?" అన్నారు కాంతమణి గారు.

చెప్పాలి. అప్పుడే చెప్పాలి. నోరు తెరిచాను కూడా.

"మీ ఇష్టం," అన్నాను.

"ఐతే ఆదివారం లోపల కొట్టెయ్," అన్నాడు బిక్షం.

నవంబర్ 28

సున్నం నానబెట్టాను. ఎవరో తలుపు కొడితే స్నానాల గదిలోకి పోయి గొళ్ళెం పెట్టుకున్నాను. పాల మనిషి.

సున్నమే కదా. రంగు కాదు. రెండు వానలు పడితే అదే పోతుంది.

నవంబర్ 29, శనివారం

మధ్యాహ్నం పోయి కొట్టేశాను. ఎవరూ లేరు. మూడో మెట్టు, ఎడమ చివర. ఇరవై రెండేళ్ళ కింద ఇంగ్లిష్‌లో రాయనా అంటే, "తెలుగుల రాయి మ్యాన్, ఈడ పుట్టిన," అన్నాడు. 'ఫ్రీ'కి మణికట్టు ఒక్కసారిగా తిప్పాలి, ఆగితే పాడవుతుంది. అది బాగా కుదిరింది. నేను రాసిన పేర్లన్నిటిలోకీ బాగా కుదిరింది అదే.

మొదటి పూతకు ఆకుపచ్చ కనిపిస్తూనే ఉంది. రెండోది కొట్టాల్సి వచ్చింది. డిసెంబర్ వానలు పడే నెల కాదు. నిన్న అది గుర్తు రాలేదు.

నవంబర్ 30, ఆదివారం

జెఫ్రీ వచ్చాడు. తన మెట్టు చూశాడు. జేబులోంచి చేతిగుడ్డ తీసి, ఆ సున్నం మీద పరిచి, కూర్చున్నాడు. సున్నం కొట్టిన చోట ఎవరూ కూర్చోరని ఆయనకు తెలుసు. తొంభై నిమిషాలూ కదల్లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు జరిగి దూరంగా కూర్చున్నారు. రెండు సున్నాతో ఓడిపోయాం. చివరి విజిల్‌కు ఆయన ఒక్కడే లేచి చప్పట్లు కొట్టాడు.

నేను నల్లా దగ్గర మొహం కడుక్కుంటుంటే వెనక వచ్చి నిలబడ్డాడు. ప్యాంటుకు తెల్లగా అంటుకుని ఉంది.

"నీట్‌గ కొట్టినవ్ మ్యాన్. అంచులు సీదా ఉన్నయ్."

నేను నల్లా కట్టలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"లెవెన్త్ నాడు రామ్‌గోపాల్‌పేట్‌ల మెడికల్ షాపుల ఉన్న, మోకాళ్ళ మందుకు. నువ్వు ఎదురుంగ ఆ ఆఫీసు మెట్లు దిగినవ్. చేతిల స్వీటు డబ్బా."

"మరి అందరికీ ఎందుకు చెప్పలే?" అన్నాను. 

"చెప్తే ఏమైతది? ఆఫీసోళ్ళకు నీతోని పని ఉండదు. ఖుషీ లెటర్ ఆపుతరు. పోరికి లెటర్ వచ్చినంక నువ్వే చెప్తవ్ అనుకున్న." నల్లా ఆయనే కట్టేశాడు. "సున్నం నువ్వే కొడ్తవని మాత్రం అనుకోలే."

కుంటుకుంటూ బస్టాపు వైపు పోయాడు. ఎక్కిన బస్సు కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడ్డాను.

డిసెంబర్ 1

పనికి పోలేదు.

డిసెంబర్ 2

అడగడం చెప్పడమే. నవంబర్ ఐదు, పదకొండు, పంతొమ్మిది. మొదటి నుంచి చదివాను. ప్రతిచోటా నేనేమీ చెప్పలేదనే ఉంది. ఇంత అందమైన దస్తూరీతో ఇన్ని అబద్ధాలు నా మటుకు నేనే ఎందుకు రాసుకున్నాను? చదివేవాళ్ళు ఎవరూ లేరు కదా.

డిసెంబర్ 4, గురువారం

లెటర్ వచ్చింది. ఖుష్నుమా ఇంటి మెట్లు ఎక్కుతూనే కేకేసింది. బానో బిడ్డ నెత్తి చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. కిందికి పోయి గల్లీ అంతా చెప్పి వస్తానని కొంగు సర్దుకుని బయలుదేరింది.

ఇద్దరమే మిగిలాక చెప్పేశాను. నిలబడి చెప్పలేక, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని చెప్పాను. టీ, బాదుషాలు, వెనక గేటు, బిక్షం పెదవి, అన్నీ. 

"జెఫ్రీ అంకుల్ పేరు మీద సున్నం ఎవరు కొట్టిన్రు?"

"నేనే."

చేతిలో కాగితం చాలాసేపు చూసింది. "ఈ లెటర్ నాకొచ్చిందా, నీకొచ్చిందా అబ్బూ?"

 నీ కోసమే బేటా అన్నాను.

"నా కోసమైతే నన్ను అడగాలె. నా పేరు మీద ఎందుకు అమ్మినవ్ వాళ్ళను?" లెటర్ మడిచి కుట్టుమిషను మీద పెట్టింది. "ఉంటే ఉంటది, పోతే పోతది. నేనే చూస్కుంట. ఆదివారం మ్యాచ్ ఉంది గద. పో."

రాత్రి నాతో కలిసి తినలేదు.

డిసెంబర్ 6

వాళ్ళు నన్ను కొడతారేమో. బిక్షం కొడతాడు. కొడితే నయం. కాంతమణి గారు ఏమీ అనకుండా చూస్తారు, దానికే ఎక్కువ భయం. సోమవారం నాటికి ఈ సంగతి ఆఫీసుకు పోతుంది. మంగళవారం నాటికి స్కూలుకు. నిద్రలో కూడా ఈ రోజులే లెక్కపెడుతున్నాను.

డిసెంబర్ 7, ఆదివారం, గ్రౌండు నుంచి

పన్నెండు గంటలకే వచ్చాను. డైరీ వెంట తెచ్చుకున్నాను. నోట మాట రాకపోతే ఇదే ఇచ్చేస్తాను.

మొదటి పేజీ మీది గరుకు కాగితం ఊడదీశాను. దానితోనే మూడో మెట్టు మీది సున్నం గీకాను. హరికిషన్ సారు మొహం సగం దానితో ఊడి వచ్చింది. గీకుతుంటే సున్నంతో పాటు రంగు కూడా లేచిపోయింది, కాబట్టి పేరు మొదటి నుంచి రాశాను. 'ఫ్రీ' దగ్గర చెయ్యి ఆగిపోయింది. వంకరగా వచ్చింది. దిద్దలేదు.

తర్వాత నాలుగో మెట్టుకు పోయి 'కలీముల్లా' మీద కొట్టాను. రెండు పూతలు. ఆకుపచ్చ ఎక్కడా కనిపించకుండా.

ఇప్పుడు మూడూ నలభై. తడి ఆరలేదు. ఆరినా అక్కడ కూర్చోవడానికి లేదు. మెట్ల కింద, నేల మీద కూర్చుని రాస్తున్నాను.  చిన్నప్పుడు మదర్సాలో పాఠం అప్పజెప్పే ముందు ఇలాగే కూర్చునేవాణ్ణి.

బిక్షం ఆటో చప్పుడు. నిన్ననే స్టేషన్ నుంచి వదిలారట. కాంతమణి గారు గొడుగు ముడుచుకుంటూ దిగుతున్నారు. వెనక బిక్షం. గేటు దగ్గర జెఫ్రీ కూడా కనిపిస్తున్నాడు, మెల్లగా వస్తాడు.

బిక్షం మూడో మెట్టు చూశాడు. నాలుగో మెట్టు చూశాడు. నా చేతిలో కుంచె చూశాడు.

"ఏందన్నా ఇది?" అంటున్నాడు.

లేస్తున్నాను.